సున్నా వేరు, ఖాళీ వేరు

నా బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నేను చేయలేదు. అమీర్‌పేటలో కొన్నాం. నలుగురం తలా కొంత వేసుకున్నాం. ఒక సీడీ, బైండింగ్ చేసిన రికార్డు, వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు రాసిన నాలుగు కాగితాలు చేతిలో పెట్టారు. మా నలుగురిలో ఒకడు బాగా మాట్లాడతాడు. వైవాలో వాడు మాట్లాడాడు. మేం ముగ్గురం పక్కన నిలబడి తలలూపాం. నలుగురికీ మంచి మార్కులే పడ్డాయి.

ఇదేదో ఘనకార్యమని చెప్పడం లేదు. ఇది చదువుతున్నవాళ్లలో కొందరు ఇదే పని చేసి ఉంటారు. ఇంకొందరు ఈ ఏడాది చేయబోతూ ఉంటారు. అప్పట్లో నాకూ తప్పనిపించలేదు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో నా కోడ్ చూస్తూ ఒక సీనియర్ "ఇది ఇలా ఎందుకు రాశావ్?" అని అడిగాడు. నెట్‌లో దొరికింది, తెచ్చి పెట్టాను, పనిచేసింది. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు. అన్నేళ్ల చదువులో నన్నెవరూ అడగని ప్రశ్న అది.

ఆ సిగ్గు మర్చిపోయాననే అనుకున్నా. మా నవాబుపేట మండలంలో ఒక సర్కారు హైస్కూల్లో, తొమ్మిదో తరగతి చదివే ఒక తాండా అమ్మాయి ముందు అది మళ్లీ గుర్తొచ్చింది. పిల్లల పేర్లు, ఊరి పేరు రాయను. జరిగింది మాత్రం జరిగినట్టే చెప్తాను.

ఐదుగురిలో ఒక్కరే

మా మండలం వికారాబాద్ జిల్లాలో ఉంది. హైదరాబాద్ నుంచి శంకర్‌పల్లి దాటి వస్తే మా ఊళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, హాస్టల్లో బస, శుక్రవారం రాత్రి బైక్ మీద ఇంటికి రావడం. ఇదీ నా వారం. ఒకసారి లెక్కల సార్ దారిలో ఆపి, "ఊరికి వస్తవ్, తింటవ్, పంటవ్, పోతవ్. శనివారం ఒక్క గంట మా పిల్లలతోని కూసోరాదు?" అన్నారు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మనిషి. కాదనలేకపోయా.

మన బడుల్లో ప్రాజెక్టు అనే మాట కొత్తదేం కాదు. తెలంగాణ హైస్కూళ్లలో ఒక్కో ఫార్మేటివ్ పరీక్షకు 20 మార్కులుంటాయి. పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టు, ఒక్కోదానికి 5. పాఠం చివర ప్రాజెక్టు పనులు అచ్చేసి కూడా ఉంటాయి. అవి ఎట్లా పూర్తవుతాయో మీకు తెలుసు. నెట్ సెంటర్లో ప్రింట్ తీస్తారు, చార్టు మీద అతికిస్తారు, చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీస్తారు. ఐదు మార్కులు పడతాయి.

"నేను చేయిస్తా సార్, అసలైన ప్రాజెక్టు" అన్నా. అప్పుడు వాళ్లు ఎనిమిదో తరగతి. ఆఫీసులో చేసినట్టే స్లైడ్లు తయారుచేసుకుని పోయా. ముప్పై మందిని ఆరు గ్రూపులు చేశా. అంశం 'నీటి సంరక్షణ'. రెండు వారాలు టైమ్.

రెండో వారం చూస్తే ఆరు థర్మోకోల్ మోడళ్లు వచ్చాయి. వాటిలో నాలుగు దాదాపు ఒకేలా ఉన్నాయి, ఒకే యూట్యూబ్ వీడియో కాబట్టి. ప్రతి గ్రూపులో ఒక్కరు ముందుకొచ్చి గడగడా చెప్పారు, నలుగురు పక్కన నిలబడ్డారు. ఒక గ్రూపులో చివరన నిలబడ్డ అమ్మాయిని "నువ్వేం చేసినవమ్మా?" అని అడిగా. కాసేపు ఆలోచించి, "థర్మోకోల్ పట్టుకొచ్చిన సార్" అంది.

తాండా నుంచి రోజూ నడిచి వచ్చే అమ్మాయి ఆమె. ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, బళ్లో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. తరగతిలో గొంతు వినడం నాకదే మొదటిసారి.

ఆ ఆరు మోడళ్ల ముందు నిలబడితే నాకు మా వైవా గది కనిపించింది. ఒకడు మాట్లాడుతున్నాడు, ముగ్గురు తలలూపుతున్నారు. తేడా ఏంటంటే ఈసారి ఆ పని నేనే చేయించాను.

ఫోన్లో పడ్డ వాన

జూన్ వచ్చింది. మిరుగు దాటాక ఒకరోజు రాత్రి హైదరాబాద్‌లో కుండపోత. పొద్దున్నే ఫోన్లో చూస్తే మా మండలంలో కూడా మంచి వాన పడ్డట్టుంది. నాయినకు ఫోన్ చేశా. "మండలమంతా గట్టిగా కొట్టిందట నాయినా, ఇత్తనం పెట్టొచ్చు" అన్నా. నాయినకు అనుమానంగానే ఉంది. "మన చెల్కల అంత పదును లేదురా" అన్నాడు. "లెక్క ఉంది కదా" అన్నా. ఇంజినీరు కొడుకు చెప్పాడని పత్తి గింజలు పెట్టించాడు. ఆ తర్వాత పది రోజులు చినుకు లేదు. సగానికి సగం మొలవలేదు. మళ్లీ గింజలు కొన్నాం, మళ్లీ కూలీలను పిలిచాం.

కనీసం 60 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసాకే పత్తి పెట్టుకోమని వ్యవసాయ అధికారులు ఏటా చెప్తూనే ఉంటారు. ఆ మాట నిజమే. మండలంలో వాన కొలిచిన మాటా నిజమే. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సొసైటీ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలతో రోజూ కొలుస్తుంది. కానీ ఆ కేంద్రం ఒకచోట ఉంటుంది, మా చెల్క ఇంకోచోట ఉంటుంది. వానాకాలపు మేఘం ఊరి ఈ పక్క కొట్టి ఆ పక్కకు పోకపోవడం మన పెద్దలు ఎప్పుడూ చూసేదే. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవని వాన అని వాళ్లు నవ్వుకుంటారు కూడా.

నాయిన నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

మరుసటి శనివారం బడికి పోయి లెక్కల సార్‌తో అన్నా: "సార్, ఈసారి గూగుల్‌కు జవాబు తెలియని ప్రశ్న పెడదాం. మన ఊళ్లో ఎక్కడెక్కడ ఎంత వాన పడుతోంది?"

ముప్పై సీసాలు

లీటర్ నీళ్ల సీసా తీసుకోవాలి. నడుము దగ్గర నొక్కులు లేకుండా తిన్నగా ఉన్నదైతే మంచిది. పై భాగం కోసి, తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి చిన్న గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ గీత గీయాలి. అది సున్నా. ఆ గీత నుంచి పైకి కాగితం స్కేలు అతికించాలి. పొద్దున్నే చూసి రాసుకున్నాక మళ్లీ నీళ్లను సున్నా గీతకు తేవాలి. గాలికి పడిపోకుండా చుట్టూ నాలుగు ఇటుకలు. ఖర్చు లేదు.

మన వాతావరణ శాఖ రోజువారీ వానను పొద్దున 8:30కి కొలుస్తుంది. పిల్లలు కూడా అదే టైమ్. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లో, అంతకు మించో పడితేనే వాతావరణ శాఖ దాన్ని వర్షపు దినంగా లెక్కిస్తుందని చెప్తే, "అయితే అంతకన్న తక్కువ పడితే మేం తడవనట్టేనా సార్?" అని ఒకడు అడిగాడు.

ఈసారి గ్రూపుల్లో ఒక చిన్న మార్పు చేశాం. ప్రతి పిల్లవాడికీ ఒక సీసా. సీసా వాళ్లింటి దగ్గరో, పొలం దగ్గరో. ఊరి మధ్యలో కొన్ని, చెరువు కట్ట వైపు కొన్ని, రెండు తాండాల్లో కొన్ని. గ్రూపు చేయాల్సింది తమ వైపు మ్యాప్ గీయడం. ఒక్కరి అంకె రాకపోతే మ్యాప్‌లో అక్కడ చిల్లు పడుతుంది. తెలివైన పిల్ల ఎంత తెలివైనదైనా తాండాలో ఎంత వాన పడిందో ఇంట్లో కూర్చుని చెప్పలేదు. అది ఆ తాండాలో నిద్రలేచిన పిల్లకే తెలుసు.

మొదటి వారం కష్టాలు అడగొద్దు. ఒక సీసాలో నీళ్లు మేక తాగింది. ఒక సీసాలో పక్కింటి పోరడు బిందెతో పోశాడు. మా వైపు కోతుల సంగతి తెలిసిందే, ఐదు సీసాలు ఎత్తుకుపోయాయి. ఫోన్ లేని పిల్లలు కాగితం మీద రాసి తెచ్చేవారు. లెక్కల సార్ అవన్నీ ఒక షీట్‌లో ఎక్కించేవారు. నేను హైదరాబాద్‌లో టిఫిన్ తింటూ చూసుకునేవాణ్ని.

ఆ షీట్ చూస్తుంటే ఒక తిరకాసు బయటపడింది. చాలామంది సున్నా రాస్తున్నారు. వాన పడనందుకు సున్నా, చూడటం మర్చిపోయినందుకు సున్నా, కోతి ఎత్తుకుపోయినందుకూ సున్నా.

శనివారం బోర్డు మీద రెండు గళ్లు గీశాను. ఒకదాంట్లో 0 రాశాను, ఇంకోదాన్ని ఖాళీగా వదిలేశాను. "సున్నా అంటే నేను పోయి చూసిన, నీళ్లు లేవు అని. ఖాళీ అంటే నాకు తెల్వదు అని. రెండూ ఒకటేనా?" సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండింటిని కలిపేస్తే పెద్ద పెద్ద లెక్కలు తలకిందులవుతాయి. సగటు తీసి చూపించా. చూడని రోజులకు సున్నా పెడితే ఊళ్లో కరువొచ్చినట్టుంది. చూడని రోజులు వదిలేస్తే మామూలుగానే ఉంది. ఆ రోజు నుంచి నియమం: చూడకపోతే 'చూడలేదు' అని రాయాలి, ఎందుకో పక్కన రాయాలి. దానికి మార్కులు తగ్గవు. తప్పుడు అంకెకే తగ్గుతాయి.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. "చూడలేదు, జ్వరం." "చూడలేదు, నాయిన సీసాల మందు కలిపిండు." "చూడలేదు, లేవలేదు." పిల్లలు నిజం రాయడం ఇంత సరదాగా ఉంటుందని నాకు తెలియదు.

నేను అన్న మాట

ఆగస్టులో ఒక శనివారం. ఆ పొద్దున అంకెలు బోర్డు మీది మ్యాప్‌లో ఎక్కిస్తున్నాం. ఊరి మధ్యలో 2, చెరువు దగ్గర 4, బడి దగ్గర 3. తాండా అమ్మాయి లేచి "38" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. నేను సుద్దముక్క పట్టుకుని ఆగిపోయా. అదే తాండా నుంచి వచ్చే ఇంకో పిల్లాడిని అడిగా. వాడు "చూడలేదు సార్, కోతి పడేసింది" అన్నాడు. ఇక పోల్చుకోవడానికి ఏమీ లేదు.

"38 ఎట్ల వస్తదమ్మా? నిజంగ చూసినవా, ఊరికే రాసినవా?"

నోట్‌బుక్ మూసేసి కూర్చుంది. ఏడవలేదు. తల దించుకుంది అంతే. గదిలో చప్పుడు లేదు. అంతలో వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. వాళ్ల నాయిన షేర్ ఆటో నడుపుతాడు. "సార్, పొద్దుగాల తాండ కాడ ఒర్రె పారింది. మా నాయిన ఆటో ఇవతలనే ఆపిండు. అటు మస్తు కొట్టింది సార్."

బడి దగ్గర 3 మిల్లీమీటర్లు పడిన పొద్దున తాండా దగ్గర ఒర్రె పారింది. అమ్మాయి చెప్పింది నిజం. నేను "సరే, రాసుకుందాం" అని 38 వేసి, తర్వాతి అంకెకు పోయాను. సారీ చెప్పలేదు. ముప్పై మంది ముందు అనగలిగినవాణ్ని, ముప్పై మంది ముందు వెనక్కి తీసుకోలేకపోయాను.

ఆ రాత్రి ఒకటే ఆలోచన. సున్నాల మీద అంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ని, చేసిన పని మీద నాకెందుకంత అనుమానం వచ్చింది? బాగా మాట్లాడే అమ్మాయి 38 అని ఉంటే అడిగేవాణ్నా? జవాబు నాకు తెలుసు. నా రికార్డులోని అంకెలు దొంగవి. అందుకే ఇంకొకరి అంకె నిజమై ఉంటుందని నాకు వెంటనే తోచలేదు. అందులోనూ వెనక నిలబడే పిల్ల, థర్మోకోల్ మోసిన పిల్ల.

తర్వాతి వారం షీట్‌లో ఆమె పేరు ఎదురుగా సోమవారం ఖాళీ. మంగళవారం ఖాళీ. 'చూడలేదు' అని కూడా లేదు. శుక్రవారం దాకా ఖాళీ.

శనివారం పొద్దున్నే లెక్కల సార్‌ను బైక్ మీద ఎక్కించుకుని తాండాకు పోయా. ఇల్లు దాటి, చెట్టూ పందిరీ లేని చోట, ఇటుకల మధ్య సీసా నిలబెట్టి ఉంది. చుట్టూ కోతులకు ముళ్లకంప. మేం బోర్డు మీద చెప్పినట్టే, ఇంకా చెప్పాలంటే అంతకన్నా బాగా పెట్టింది. వాళ్లమ్మ బయటికొచ్చింది. "పొద్దున లేసి మొదలు అదే చూస్తది సార్. నిన్న కూడ చూసింది" అంది.

అమ్మాయి నోట్‌బుక్ తెచ్చింది. వారం మొత్తం ఉంది. ఒక్క రోజు కూడా తప్పలేదు. "మరి పంపలేదేంటమ్మా?" అన్నారు సార్.

నా వైపు చూడకుండానే చెప్పింది. "పంపితే మల్ల అబద్ధమంటరని పంపలే సార్."

నా షీట్‌లో ఖాళీ ఉంది. ఆమె నోట్‌బుక్‌లో వాన ఉంది. ఆ ఖాళీకి కారణం కోతి కాదు, నేను.

అందరివీ చూడాలి

ఆ రోజు తరగతిలో సారీ చెప్పాను. ఊరికే చెబితే సరిపోదనిపించి అమీర్‌పేట సంగతి కూడా చెప్పాను. సీడీ, రికార్డు, తలలూపడం, మూడో నెలలో నోరు పెగలకపోవడం, అన్నీ. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆటో పిల్లాడు చెయ్యెత్తి, "మరి నీకు నౌకరి ఎట్లిచ్చిండ్రు సార్?" అన్నాడు. లెక్కల సార్ నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఇప్పుడు చెప్పండి. అంకె నిజమో కాదో ఎట్ల తెలుసుకోవాలె? అరవకుండ?" అని వాళ్లనే అడిగా. ఒకరు ఫొటో అన్నారు. అందరికీ ఫోన్ లేదు. ఒకరు సార్ వచ్చి చూడాలన్నారు. ముప్పై ఇళ్లకు సార్ ఎట్లా పోతారు? తాండా అమ్మాయి కూర్చునే మెల్లగా అంది: "ఒకల్ల సీసా ఇంకొకలు చూడాలె. అందరివీ చూడాలె. నాదొక్కదే కాదు."

మేం పనిచేసే చోట దీన్ని కోడ్ రివ్యూ అంటారు. ఎంత సీనియర్ రాసినా ఇంకొకరు చూశాకే అది లోపలికి పోతుంది. మనిషి మీద అనుమానంతో కాదు, పని మీద శ్రద్ధతో. అందరికీ ఒకే నియమం ఉంటే ఎవరికీ అవమానం ఉండదు. ఇంత చిన్న విషయం, రోజూ నేను చేసే పనే, బళ్లోకి రాగానే ఎందుకు మర్చిపోయానో.

వారానికి ఒకసారి జంటలుగా పోయి వేరేవాళ్ల సీసాలు చూడటం మొదలైంది. మొదటి వారమే ఒక తప్పు దొరికింది. ఒక సీసాలో ఎప్పుడూ చుట్టుపక్కల కన్నా ఎక్కువ నీళ్లు. చూస్తే రేకుల కప్పు అంచు కింద ఉంది, కప్పు మీది నీళ్లన్నీ అందులోకే కారుతున్నాయి. ఆ సీసా మా ఇంటిది. పెట్టింది నేను. పట్టుకున్నది తాండా అమ్మాయి, ఆటో పిల్లాడు. మా అమ్మ వాళ్లకు చాయ్ ఇచ్చి, "వీనికి మొదటి సంది అంతే, సూసుకోడు" అంది.

తర్వాత చదివితే తెలిసింది, నేను కనిపెట్టిందేమీ లేదు. చేస్తూ నేర్చుకోవాలనే మాటను అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ 1918లోనే 'ప్రాజెక్టు పద్ధతి' పేరుతో రాశాడు. 1937లో వార్ధా సదస్సులో గాంధీ చేతి పని చుట్టూ చదువు నడవాలన్నారు. నాకు బాగా దగ్గరగా అనిపించింది మాత్రం 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో జరిగింది. తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు కొత్తగా ఒకే తరగతిలోకి వచ్చారు, ఒకరంటే ఒకరికి పడటం లేదు. ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన విద్యార్థులు పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. పరీక్ష మొత్తం పాఠం మీద. పక్కవాడు చెప్పేది వినకపోతే నీకే నష్టం. తొందరపెట్టి వెక్కిరించే పిల్లలు, ఓపిగ్గా ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు. దానికి జిగ్‌సా అని పేరు. మాకు ఆ ముక్కలు వాన ఇచ్చింది.

ఎవరైనా మీ ఊరి బడిలో ఇట్లాంటిది చేయాలనుకుంటే, నాకు దెబ్బ తగిలాక తెలిసినవి నాలుగు చెప్తాను.

ప్రశ్నకు జవాబు ఫోన్లో దొరకకూడదు. దొరికితే పిల్లలు ఫోన్‌నే అడుగుతారు, అది వాళ్ల తప్పు కాదు. ఊరి బావుల్లో నీళ్లెంత లోతులో ఉన్నాయి, బస్సు రోజూ ఎన్ని నిమిషాలు లేటు, మధ్యాహ్న భోజనంలో ఏ కూర ఎక్కువ మిగులుతోంది, ఇట్లాంటివి వెతుక్కోవాలి.

ప్రతి పిల్లకీ ఇంకొకరి దగ్గర లేనిది ఒకటి ఉండాలి. ఐదుగురి పేర్లు ఒక చార్టు కింద రాసినంత మాత్రాన అది గ్రూపు కాదు.

పనులు మార్చాలి. వదిలేస్తే రాసే పని అమ్మాయిలకు, ఫోన్ పట్టుకునే పని అబ్బాయిలకు, మాట్లాడే పని మొదటి బెంచీకి పోతుంది. మేం కొలిచేవాళ్లు, రాసేవాళ్లు, సరిచూసేవాళ్లు, చెప్పేవాళ్లు అని నాలుగు పనులు పెట్టి రెండు వారాలకోసారి తిప్పాం. చివర్లో గ్రూపులో ఎవరిని లేపి అడుగుతామో ముందు చెప్పలేదు.

నాలుగోది, పాఠం పక్కకు పోకూడదు. సిలబస్ వెనకబడితే ఏ సారూ రెండోసారి ఒప్పుకోరు. మాకు సగటు, గ్రాఫులు, ఘనపరిమాణం ఇందులోనే అయిపోయాయి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే 10 మిల్లీమీటర్ల వానకు ఎకరంలో 40 వేల లీటర్లు పడతాయి, 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఈ లెక్క బోర్డు మీద తేలినప్పుడు పిల్లలు మళ్లీ చేయించారు, తప్పేమోనని. సోషల్ మేడమ్ దాన్ని అందుకుని, అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేటకు ఎట్లా చేరుతుందో, 1908 వరద తర్వాత ఆ చెరువు ఎందుకు కట్టారో చెప్పారు. "అంటే మా తాండ వాన నీళ్లు హైదరాబాదోళ్లు తాగుతున్నరా?" అని తాండా అమ్మాయి అడిగింది. చెయ్యెత్తి, లేచి నిలబడి.

మళ్లీ జూన్

సెప్టెంబరు చివర్లో మ్యాప్‌ను బడి గోడకు అంటించి ఊరివాళ్లను పిలిచాం. జనం విరగబడి ఏం రాలేదు. పదిహేను ఇరవై మంది వచ్చారు. అందులో నాయిన ఒకడు. ఆ మ్యాప్‌తో ఊరు మారిపోయిందని చెప్పను. మేం కొలిచింది ఒక్క వానాకాలం, ఒక్క కాలంతో ఏ చోట ఎప్పుడూ తక్కువ పడుతుందో తేల్చలేం. పిల్లలే ఆ మాట చివర్లో రాశారు. కానీ ఒకే రోజు ఒకే ఊళ్లో వాన ఎంత తేడాగా పడుతుందో రోజు రోజుకీ గళ్లలో కనిపిస్తోంది. నాయిన చాలాసేపు చూసి, "మన చెల్క కాడ సీసా లేదేందిరా?" అన్నాడు.

ఇప్పుడు మళ్లీ జూన్. ఆ పిల్లలు పదో తరగతికి వచ్చారు. సీసాలు కొత్త తొమ్మిదో తరగతికి అప్పజెప్పారు. ఎట్లా పెట్టాలో నేర్పించింది పాత పిల్లలే, నేను వెనక బెంచీలో కూర్చున్నా. మా చెల్క దగ్గర ఒక సీసా ఉంది. ఈసారి నాయిన నాకు ఫోన్ చేయలేదు. ఆ సీసా చూసే పిల్లాడిని రోజూ అడిగి, గింజలు ఎప్పుడు పెట్టాలో తనే చూసుకున్నాడు.

తాండా అమ్మాయి మాత్రం తన సీసా ఎవరికీ ఇవ్వలేదు. పదో తరగతి కదా, ఇంక మార్కులు కూడా లేవు కదా అంటే, "ఉండనీయండి సార్" అంది. పోయిన సోమవారం ఆఫీసులో మీటింగ్ మధ్యలో షీట్ తెరిచి చూశా. ఆమె పేరు ఎదురుగా రాసి ఉంది: "చూడలేదు. మా అక్క పెండ్లి."